విశాఖ ఎఫ్ఎం చరిత్రకు ఒక పీఠిక

హైదరాబాద్ వాళ్ళతో వాదన పడ్డప్పుడు విశాఖ వాళ్ళు బయటికి తీయాల్సిన అస్త్రం ఒకటి ఇన్నేళ్ళుగా తుప్పు పట్టి ఉంది. ప్రైవేటు ఎఫ్ఎం ముందు మోగింది మన ఊళ్ళో. 2000 ప్రాంతంలో కేంద్రం 40 నగరాల్లో 108 ఫ్రీక్వెన్సీలకు వేలం పెట్టింది. అందరూ ఎగబడి పాడుకున్నారు. లైసెన్సు ఫీజు ఏటా 15 శాతం చొప్పున పెరుగుతుందన్న సంగతి బుర్రకెక్కాక చాలామంది మెల్లగా జారుకున్నారు. చివరికి 12 నగరాల్లో 21 స్టేషన్లు మిగిలాయి. ఆ పన్నెండులో విశాఖ ఉంది, హైదరాబాద్ లేదు. రాజధాని జనం 2006 దాకా ఎదురు చూశారు. మన స్టేషన్ యజమానులు చెన్నై వాళ్ళన్న చిన్న విషయాన్ని వాదనలో ఎత్తకపోతే సరి.

ఇంతటి ఘన వారసత్వం ఉన్న నగరానికి ఎఫ్ఎం చరిత్ర గ్రంథం లేకపోవడం విచారకరం. ఆ లోటు తీర్చడానికి కూర్చున్న నాకు మొదటి పేజీలోనే ఒక చిక్కు ఎదురైంది. చరిత్ర రాయాలంటే ఏదో ఒకటి జరిగి ఉండాలి, జరిగినట్టు ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. మన ఎఫ్ఎంలలో ఏదీ జరగదు. జరగకూడదని రూలు.

ఆ రూలు గొప్పది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ తీర్పు రాసినవారిలో మన జస్టిస్ జీవన్ రెడ్డి గారూ ఉన్నారు. ప్రజల ఆస్తి గనక ప్రజలు దాని మీద పాటలు పాడుకోవచ్చు, జోకులు వేసుకోవచ్చు, చీరలు అమ్ముకోవచ్చు. వార్తలు మాత్రం చెప్పకూడదు. 2019లో సర్కారు మనసు కరిగి, ఆకాశవాణి చదివిన వార్తల్ని ఉన్నవి ఉన్నట్టు వేసుకోవచ్చంది. సొంత వార్తలు అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు.

అయితే ఏది వార్త, ఏది కాదు? 2011 నాటి విధానం దీనికి ఉపనిషత్తులా జవాబిచ్చింది. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షలు, ఉద్యోగావకాశాలు, కరెంటు, నీటి సరఫరా, ప్రకృతి వైపరీత్యాలు, ఇవేవీ వార్తలు కావు, సమాచారం. అంటే జగదాంబ జంక్షన్‌లో బళ్ళు ఆగిపోయాయని ఆర్జే నిర్భయంగా చెప్పవచ్చు. ఎవరి కాన్వాయ్ కోసం ఆపారో చెప్పబోతే వార్త అయిపోయే ప్రమాదం ఉంది. అందుకే సరిగ్గా అక్కడ పాట వస్తుంది. మీరు ఇన్నాళ్ళూ అది ఆర్జే సంగీతాభిమానం అనుకున్నారు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి బీచ్ రోడ్డుని ఎత్తి అవతల పారేసింది. కైలాసగిరి మీద చెట్టు నిలవలేదు, రోజుల తరబడి ఊరికి కరెంటు లేదు. 2011 విధానం లెక్కన చూస్తే అంత గాలి కూడా వార్త కాదు, సమాచారమే. 2021 జనవరిలో ఉక్కు ఫ్యాక్టరీ అమ్మకానికి కేంద్ర మంత్రివర్గం పచ్చజెండా ఊపింది. గాజువాక, కూర్మన్నపాలెం అట్టుడికాయి. అది పక్కా వార్త. కాబట్టి ఊరంతా ఏ విషయం మాట్లాడుకుంటోందో, ఆ ఊరి స్టేషన్ సరిగ్గా ఆ విషయం తప్ప మిగతావన్నీ మాట్లాడే బాధ్యత నెత్తిన వేసుకుంది.

ఫోన్ కాల్స్ సంగతి చెప్పనక్కర్లేదు. మద్దిలపాలెం నుంచి ఒక పిన్నిగారు ఫోన్ చేసి, "మా వీధిలో మూడ్రోజులై కుళాయి రావట్లేదు బాబూ" అంటే, "వావ్ ఆంటీ, సూపర్! ఏ పాట వేయమంటారు?" అనాలి. పిన్నిగారు కూడా లోకజ్ఞానం ఉన్న మనిషి గనక వానపాట అడుగుతుంది.

పాటల మీద ఒక చిన్న మాట. 1952లో సమాచార మంత్రి కేస్కర్ గారు సినిమా పాటలు జాతిని చెడగొడతాయని ఆకాశవాణిలో వాటిని తొక్కేశారు. జాతి ఊరుకుందా, ముల్లె సర్దుకుని రేడియో సిలోన్‌కి వెళ్ళిపోయింది. 1957లో వివిధ భారతి పెట్టి దాన్ని వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది. నేడు సినిమా పాట తప్ప ఇంకేదీ వినపడకుండా చూసుకోవడంలో మన ఎఫ్ఎంలు కేస్కర్ గారంత నియమనిష్ఠలు పాటిస్తున్నాయి.

మరి చరిత్రకి ఆధారం ఎక్కడ? పరిశోధన చివర నాకు దొరికిన జవాబు: ప్రకటనల్లో. స్టేషన్‌లో నిజంగా విశాఖ గురించి మాట్లాడేది అవే. ఆర్జే నిమిషానికోసారి "మన వైజాగ్" అంటాడు గానీ పొరపాటున కూడా మన యాసలో "ఏటి" అనడు. ప్రకటన అలా కాదు, అడ్రసుతో సహా చెబుతుంది.

శాసనాల కాలం లిపిని బట్టి తేల్చినట్టు, ప్రకటనల కాలం కూడా తేల్చవచ్చు. "వుడా అప్రూవ్డ్ లేఅవుట్" అంటే 2018కి ముందుది, నగరాభివృద్ధి సంస్థ పేరు ఇంకా మారనప్పటిది. "వీఎంఆర్‌డీఏ అప్రూవ్డ్" అంటే తర్వాతిది. ర్యాంకుల వాళ్ళు "ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు" అని ఊపిరాడకుండా చదివాక ఎంసెట్ అంటే 2021కి ముందు, ఈఏపీసెట్ అంటే తర్వాత. "కాబోయే రాజధానిలో మీ సొంత ఇల్లు" అని వినిపిస్తే అది మూడు రాజధానుల యుగం. ఆ పొర కింద తవ్వితే ఇంకా చాలా ఆశలు దొరుకుతాయి.

భోగాపురం విమానాశ్రయం దగ్గర మాత్రం శాస్త్రం తడబడింది. దానికి 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన జరిగింది. ప్రకటనల్లో మాత్రం అంతకు ఎంతో ముందే విమానాలు దిగడం మొదలైంది. ఎయిర్‌పోర్టుకి పది నిమిషాలు, బీచ్‌కి పది నిమిషాలు, ఐటీ హిల్స్‌కి పది నిమిషాలు, స్టీల్ ప్లాంట్‌కీ పది నిమిషాలే ఉండే ఆ స్థలం భూగోళం మీద ఎక్కడుందో తేల్చే పని ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగోళ శాఖకి వదిలేస్తున్నాను. నా శాఖ చరిత్ర. ప్రకటన చివర్లో గొంతు మారకుండా రెండు సెకన్లలో చదివే "షరతులు వర్తిస్తాయి"ని మాత్రం పూర్తి పాఠంగా పరిష్కరించి ప్రచురించాలని కోరుతున్నాను. మొత్తం ప్రసారంలో అక్షరాలా నిజమైన వాక్యం అదొక్కటే.

2024 ఆగస్టులో కేంద్రం మరో 234 పట్టణాల్లో 730 ఎఫ్ఎం చానెళ్ళ వేలానికి ఆమోదం తెలిపింది. ఆ పట్టణాల వాళ్ళకి విశాఖ అనుభవంతో ఒక సలహా ఇవ్వగలను. స్టేషన్ మొదలయ్యేలోపు ఊరి శివార్లలో ఏదో ఒక లేఅవుట్ వేసి ఉంచండి. లేకపోతే పాటకీ పాటకీ మధ్య మీ ఊరి గురించి చెప్పడానికి వాళ్ళ దగ్గర ఏమీ ఉండదు.