‘మైనర్ ఎన్‌హాన్స్‌మెంట్’ అట!

ఇప్పుడే టౌన్‌హాల్ (కంపెనీ అందరి మీటింగ్) అయింది. క్యాబ్ ఎక్కాను, బెంగళూరు మహదేవపుర దగ్గర ఇరుక్కున్నాను, ఫోన్‌లో 38 శాతం ఛార్జింగ్ ఉంది. అది అయిపోయేలోపు ఇది కక్కెయ్యాలి. లేకపోతే ఇంటికెళ్ళి మా ఆయన మీద పడతాను, పాపం ఆయనేం చేశాడు.

మూడు నెలల నా పని స్లైడ్ మీద ఒక్క లైను. ఎనిమిదో పాయింటు. ‘సాకెట్ అడాప్టర్ – మైనర్ ఎన్‌హాన్స్‌మెంట్.’ ఏడో పాయింటు ఏంటో తెలుసా? డాష్‌బోర్డ్‌కి డార్క్ మోడ్. దానికి చప్పట్లు కొట్టారు. నల్ల రంగుకి చప్పట్లు!

మా కంపెనీలో సిస్టమ్స్ అన్నీ ఒక మెసేజ్ బస్ మీద, అంటే అందరి మెసేజ్‌లూ మోసే ఉమ్మడి దారి మీద, మాట్లాడుకుంటాయి. (మా అమ్మకి చెబితే "ఏ ఊరి బస్సే?" అంది. ఆ ఊరి బస్సు సంగతి కింద వస్తుంది.) ఆర్డర్లు, ఇన్‌వాయిస్‌లు, అన్నీ ఆ బస్ ఎక్కాల్సిందే. ఒక్క గోడౌన్ సిస్టమ్ తప్ప. అది సర్వీసులో నాకంటే సీనియర్. దానికి హెచ్‌టీటీపీ రాదు, క్యూ (మెసేజ్‌లు వరసలో ఆగే చోటు) అంటే తెలీదు. టీసీపీ (రెండు కంప్యూటర్ల మధ్య బైట్లు మోసే పద్ధతి) పోర్ట్ తెరిచి బైట్లు గుమ్మరించడం ఒక్కటే వచ్చు. ఆ బైట్లని పట్టుకుని, మెసేజ్‌లుగా విడదీసి బస్ ఎక్కించాలి, బస్ మీద వచ్చినవాటిని మళ్ళీ బైట్లు చేసి దానికి అందించాలి. సాకెట్ అంటే ఆ టీసీపీ కనెక్షన్ కొస, ఆ ముక్కే సాకెట్ అడాప్టర్. అది రాయడమే నా పని.

"ఏముందమ్మా, సాకెట్ ఓపెన్ చెయ్యి, చదువు, క్లోజ్ చెయ్యి." ఇది మా ఆర్కిటెక్ట్ గారు. మన తెలుగాయనే, అదే నా బాధ. మీటింగ్‌లో అందరితోనూ ఇంగ్లీషే మాట్లాడతారు. నా పని తీసిపారెయ్యాలంటే మాత్రం ఆయనకి మాతృభాష గుర్తొస్తుంది. పక్కన కూర్చున్న కుర్రాణ్ణి ఎప్పుడైనా "ఏముందయ్యా" అన్నారా? అనరు. ‘అమ్మా’ మనకే.

ఏముందో చెప్తా వినండి. కుళాయి తిప్పితే నీళ్ళు ధారగా వస్తాయి గానీ బిందెల లెక్కన రావు. ఒక బిందె ఎక్కడ నిండిందో చూసుకోవాల్సింది పట్టుకునేవాళ్ళే. టీసీపీ కూడా అంతే. అవతల మూడు మెసేజ్‌లు పంపితే ఇవతల ఒకే ముద్దగా రావచ్చు. ఒకటి పంపితే మూడు ముక్కలై రావచ్చు. వరస తప్పదు, అంతవరకే హామీ. 1981లో టీసీపీ రూల్సు రాసిన ఆర్‌ఎఫ్‌సీ 793 వచ్చినప్పటి నుంచీ ఇదే కథ, నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు.

కుళాయి అన్నాను గానీ, మా లేఅవుట్‌కి కావేరీ నీళ్ళు ఇంకా రానేలేదు. 2024 ఎండాకాలంలో ట్యాంకర్ డ్రైవర్‌కి ఇచ్చిన మర్యాద మా మామగారికి కూడా ఇచ్చి ఉండను. మెయింటెనెన్స్ మాత్రం ప్రతి నెలా ఒకటో తారీకుకల్లా కట్టాలి, మీరెవరైనా... సరే వద్దు, అది ఇంకో పోస్ట్.

‘అపాచీ కామెల్‌లో రెడీమేడ్ నెట్టీ కాంపొనెంట్ ఉంది కదా’ అని రాయబోతున్న మహానుభావులారా, ఉంది. వాడుకున్నాను కూడా. (కామెల్ అంటే సిస్టమ్స్‌ని కలిపే సాఫ్ట్‌వేర్, అందులో సాకెట్లు చూసుకునే ముక్క నెట్టీ.) మెసేజ్ ముందు దాని పొడవు చెప్పే హెడర్ ఎక్కడుంది, దానికి ఎంత కలపాలి, ఎంత తీసెయ్యాలి అని అది నన్నే అడుగుతుంది. ఆ ‘ఎంత’ నాకు చెప్పేదెవరు? గోడౌన్ సిస్టమ్ డాక్యుమెంట్ మొత్తం ఒకటిన్నర పేజీ. ‘మొదటి 2 బైట్లు – లెంగ్త్’ అని ఉంది, అంతే. ఆ సంఖ్యలో ఆ 2 బైట్లు కలిసి ఉన్నాయా లేవా? వెండర్‌కి ఫోన్ చేస్తే "మొదట్నుంచీ అలాగే ఉంది మేడమ్" అన్నాడు. ఎలాగే?

కలిసి లేవనుకుని రాశాను. నిజానికి కలిసి ఉన్నాయి. నా కోడ్ మొదటి మెసేజ్‌తో పాటు రెండోదాని హెడర్ కూడా మింగేసింది. రెండో మెసేజ్ తారీకుతో మొదలవుతుంది. అందులో మొదటి రెండు అక్షరాలు ‘20’. వాటినే సైజు అనుకుంది. కంప్యూటర్‌కి ‘2’ అక్షరం అంటే 50, ‘0’ అంటే 48, లెక్క కడితే (50 × 256 + 48) 12,848. అంతే, ఎర్రర్ లేదు, లాగ్ లేదు, ఎవరూ పంపని 12,848 బైట్ల కోసం పెళ్ళివారి కోసం చూసినట్టు గుమ్మంలో కూర్చుంది. అది పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఏముందమ్మా!

ఈలోగా ఆర్కిటెక్ట్ గారు ఏఐతో పది నిమిషాల్లో రాయించి డెమో ఇచ్చారు. ఒక రీడ్ చేస్తే ఒక మెసేజ్ వస్తుందన్న లెక్కన రాసిన కోడ్ అది. లోకల్‌లో బ్రహ్మాండంగా నడిచింది. ఎందుకు నడవదు? లినక్స్‌లో లూప్‌బ్యాక్ (మెషిన్ తనతో తనే మాట్లాడుకునే లైన్) ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్‌లో పట్టే సైజు, 65,536 బైట్లు. బయట ఈథర్నెట్ మీద మామూలుగా 1,500. గోలెంలో ఈతకొట్టి గోదావరి ఈదానన్నట్టు! దానికి కూడా చప్పట్లు.

అసలు నా మంట ఇది కాదు. స్లైడ్ చూడగానే నాకు గుర్తొచ్చింది రెండేళ్ళ కిందటి సంక్రాంతి.

అప్పటి అడాప్టర్ ఆర్కిటెక్ట్ గారు రాసిందే. హార్ట్‌బీట్, అంటే ‘బతికే ఉన్నావా’ అని అప్పుడప్పుడూ పలకరించే మెసేజ్, పెడదామని నేను ముందే మెయిల్ పెట్టాను. రాత్రిపూట గోడౌన్ మూసేస్తారు, లైన్ మీద మాటా పలుకూ ఉండదు, మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ ఆ కనెక్షన్‌ని చెప్పాపెట్టకుండా మర్చిపోతుంది, రెండు వైపులా మాత్రం బతికే ఉందనుకుంటారు అని రాశాను. ఒక్క లైను జవాబు వచ్చింది: ‘టీసీపీయే చూసుకుంటుంది.’ ఏం చూసుకుంటుంది నా మొహం! టీసీపీకి ఉన్న సొంత పలకరింపు, కీప్‌అలైవ్, మనం ఆన్ చేస్తేనే పని చేస్తుంది. చేసినా లినక్స్‌లో మామూలుగా మొదటి పలకరింపు 7,200 సెకన్లకు, అంటే రెండు గంటలకు.

భోగి ముందు రాత్రి మారతహళ్ళిలో ఒంగోలు బస్సు ఎక్కాం. తెల్లవారి నెల్లూరు దాటాక ఫోన్ మోగింది. ఆర్డర్లు వెళ్ళాయని బస్ అంటోంది, రాలేదని గోడౌన్ అంటోంది. ఇద్దరిదీ నిజమే. సాకెట్‌లో రాస్తే ‘సక్సెస్’ అంటుంది, కానీ అది మన కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) బఫర్‌లోకి చేరిందని మాత్రమే. జవాబు రాకపోతే కెర్నల్ పావుగంట దాకా మళ్ళీ మళ్ళీ పంపి చూసి, అప్పుడు చేతులెత్తేస్తుంది. ఈలోగా మనవాడి కోడ్ ఆ ఆర్డర్లన్నీ క్యూలోంచి తీసేసి చేతులు దులిపేసుకుంది. పై బెర్తులో తల వంచుకుని, హాట్‌స్పాట్‌తో మొదలుపెట్టిన నేను సాయంత్రం దాకా పోయినవి ఏరుకుంటూనే ఉన్నాను.

ఆ సాయంత్రం మా పాపకి భోగిపళ్ళు. వీడియో ఉంది. అందరూ రేగిపళ్ళు పోస్తుంటే వెనక నేను చెవికి హెడ్‌సెట్‌తో "యామ్ ఐ ఆడిబుల్?" అంటున్నాను. మా వదిన అది ఇప్పటికీ అనుకరించి చూపిస్తుంది.

తర్వాత వచ్చిన రిపోర్ట్‌లో కారణం ఏమని రాశారో చెప్పండి. ‘హ్యూమన్ ఎర్రర్ – మానిటరింగ్‌లో జాప్యం.’ ఆ రోజు ఆన్‌కాల్ (ఏదైనా ఆగితే చూడాల్సిన డ్యూటీ) ఎవరు? నేను. నా మెయిల్ ప్రస్తావన ఎక్కడా లేదు.

ఇప్పుడు నేను రాసినదాంట్లో 30 సెకన్లకో హార్ట్‌బీట్ ఉంది. గోడౌన్ నుంచి జవాబు వచ్చాకే ఆర్డర్ క్యూలోంచి పోతుంది. ఇదన్నమాట ఆ ‘మైనర్’.

స్లైడ్‌లో ఆ మాట తీసెయ్యమని క్యాబ్‌లోంచే మెయిల్ పెట్టాను. కింద రెండేళ్ళ కిందటి నా మెయిల్, ఆయన ఒక్క లైను జవాబు కూడా అంటించాను. ఆయన్ని సీసీలో పెట్టాను. చదివినట్టు ఉంది, ఉలుకూ పలుకూ లేదు. క్యాబ్ ఇంకా మహదేవపుర దాటలేదు. ఛార్జింగ్ 11.