రాఫ్టెరీ వర్ధంతికి ఏ పాట పాడాలి?

1994లో ఐర్లండ్ కేంద్ర బ్యాంకు ఒక ఐదు పౌండ్ల నోటు తెచ్చింది. దాని వెనక వైపు తరగతి గది బొమ్మ. అందులోని బోర్డు మీద ఐరిష్ భాషలో ఒక పద్యం మొదటి పంక్తులు: ‘మిషె రాఫ్టెరీ అన్ ఫిలె’, అంటే నేను రాఫ్టెరీని, కవిని. 2002లో యూరో వచ్చేదాకా ఆ దేశంలో జేబు జేబుకీ తిరిగిన కవిత్వం అది. చిక్కల్లా ఒక్కటే. ఆ పద్యం రాఫ్టెరీ చెప్పింది కాకపోవచ్చు.

ఆంథొనీ రాఫ్టెరీ 1779 ప్రాంతంలో మేయో కౌంటీలోని కిల్టమా దగ్గర పుట్టాడు. చిన్నప్పుడే అమ్మవారు పోసి చూపు పోయింది. చదవడం, రాయడం రాదు. పొరుగున ఉన్న గాల్వే కౌంటీలో ఇల్లిల్లూ తిరుగుతూ ఫిడేలు వాయించి, పాటలు కట్టి బతికాడు. 1835 క్రిస్మస్ ముందు రోజు క్రాక్‌వెల్ దగ్గరి కిల్లీనీన్‌లో పోయాడని చెబుతారు. 25వ తేదీ అని రాసేవాళ్ళూ ఉన్నారు. 2035 డిసెంబరుకు 200 ఏళ్ళు నిండుతాయి. ఇలాంటి సందర్భాల్లో ఏం జరుగుతుందో ఊహించడం కష్టమేమీ కాదు. ఓ ఫలకం, రెండు ప్రసంగాలు, బడిపిల్లల చేత ఆ నోటు మీది పద్యం. మొదట మార్చాల్సింది ఆ మూడోదాన్నే.

రాఫ్టెరీ ఒక ఇంట్లో ఫిడేలు వాయిస్తుంటే ఎవరో ‘ఆ వాయించేదెవరు?’ అన్నారనీ, దానికి జవాబుగా అప్పటికప్పుడు ఆ ఎనిమిది పంక్తులు చెప్పాడనీ కథ. అచ్చులో చూస్తే ఆ పద్యం కనిపించేది ఆయన పోయిన 47 ఏళ్ళకు, సముద్రానికి అవతల. 1882లో బ్రూక్లిన్ నుంచి వెలువడే ‘అన్ గేల్’ పత్రికకు న్యూయార్క్ రాష్ట్రంలోని ఒస్వీగోలో ఉండే షాన్ ఓ కెల్లీ దాన్ని అందించాడు. కట్టినవాడూ ఆయనే అన్న వాదం పండితుల్లో బలంగా ఉంది. రాఫ్టెరీ పాటలు సేకరించి 1903లో అచ్చువేసిన డగ్లస్ హైడ్ (తర్వాత 1938లో దేశానికి తొలి అధ్యక్షుడయ్యాడు) తన పుస్తకానికి ‘రాఫ్టెరీ పాటలు’ అని పేరు పెట్టలేదు. ‘రాఫ్టెరీవిగా చెప్పుకునే పాటలు’ అన్నాడు. నోటి మీద నడిచిన కవిత్వాన్ని కాగితం మీదికి ఎక్కించేవాడికి ఉండాల్సిన జాగ్రత్త అది. నోటు మీదికి ఎక్కించినవాళ్ళకు ఆ జాగ్రత్త లేకపోయింది.

పత్రికలు, తేదీలు పక్కన పెట్టినా పద్యమే అనుమానం పుట్టిస్తుంది. వెలుగు లేని కళ్ళు, గోడవైపు తిరిగిన మనిషి, ఖాళీ జేబుల ముందు సంగీతం. బాగానే ఉంది. కానీ అందులో ఒక్క ఊరి పేరు లేదు, తన పేరు తప్ప ఒక్క మనిషి పేరు లేదు. నమ్మకంగా రాఫ్టెరీవే అనదగ్గ పాటలు చూడండి, అడుగడుగునా ఊళ్ళు, మనుషులు. 1820లో క్రాక్‌వెల్ దగ్గర ఉరితీసిన ఆంథొనీ డేలీ మీద పాట కట్టాడు. ఒక భూస్వామి మీద కాల్పులు జరిపాడని అతడి మీద మోపిన నేరం. రైతుల రహస్య సంఘంలో ఉన్నాడనీ చెబుతారు. ఈ కవికి పాట అంటే ఆ వారం ఆ తాలూకాలో ఏం జరిగిందో చెప్పే సాధనం కూడా.

దానికి గొప్ప ఉదాహరణ ‘అనఖ్ గూన్’ అనే పాట. వర్ధంతి సభకు నడుమ నిలబెట్టాల్సింది దీన్నే అని నా అభిప్రాయం. 1828 సెప్టెంబరు 4న అన్నాడౌన్ నుంచి గాల్వే సంతకు సుమారు 31 మందితో, కొన్ని గొర్రెలతో ఒక పాత పడవ కారిబ్ సరస్సు మీద బయల్దేరింది. ఊరు ఇంకా రెండు మైళ్ళుందనగా మునిగిపోయింది. కారణం ఆనాటి పత్రికా కథనంలో ఉంది. ఒక గొర్రె కాలు అడుగు పలకలోంచి కిందికి దిగిపోయింది. ఒకాయన తన కోటు ఆ కన్నంలో కుక్కి, గట్టిపడాలని కాలితో తొక్కాడు. చివికిన పలక ఆ తాపుకు పూర్తిగా ఊడిపోయింది. పడవలో నీళ్ళు రావడం ఒక ప్రమాదమైతే వాటిని ఆపబోయిన తీరు ఇంకో ప్రమాదం.

పాటలో కోటు లేదు, తొక్కుడు లేదు. పడవ పగిలింది, మనుషులు మునిగారు, గొర్రెలు అటు ఈదుకుంటూ చెదిరిపోయాయి. పోయినవాళ్ళు 11 మంది మగవాళ్ళు, 8 మంది ఆడవాళ్ళు. వేరే కథనాల్లో 20 అనే లెక్క కూడా ఉంది, పాట లెక్క మాత్రం 19 దగ్గరే ఆగింది. దారి తెలియక కాదు, పడవకు పట్టిన పెద్ద దురదృష్టం వల్ల పోయారంటాడు కవి. వాళ్ళు పోయిన చోటును శపిస్తాడు. గుడ్డివాడు విన్నది విన్నట్టు పట్టుకుని కట్టిన ఈ పాటను గాల్వే కౌంటీ పడమటి భాగమైన కనమారలో ఇప్పటికీ వాద్యం లేకుండా, ఒంటి గొంతుతో పాడతారు. సభలో కూడా అలాగే పాడించాలి. పియానో తోడు పెట్టారా, పాడేవాడు తాళానికి లొంగుతాడు, సాగదీయాల్సిన అచ్చు దగ్గర సాగదీయలేడు.

అచ్చు దగ్గరే ఇంకో తప్పు జరుగుతుంది. తెలుగు పద్యంలో ప్రాస హల్లుతో పడుతుంది. ఈ ఐరిష్ పాటల్లో అనుబంధం అచ్చులతో, ఊనిక పడిన చోట, అంటే నొక్కి పలికే చోట. రాఫ్టెరీ పాట ‘కిల్ ఈడాన్’ మొదటి నాలుగు పంక్తుల్లో 1, 3 పంక్తుల చివర ‘షీనె’, ‘ఖీహె’ (రెంటిలో దీర్ఘ ఈ), 2, 4 పంక్తుల చివర ‘హ్యోల్’, ‘ఓ’ (రెంటిలో దీర్ఘ ఓ). హల్లులు ఏవైనా కావచ్చు, అచ్చు తప్పకూడదు. ఇప్పుడు దక్షిణాన మన్‌స్టర్ యాస నేర్చినవాడి చేత గాల్వే పాట చదివించండి. ‘తల’ అనే మాటను పడమటివాళ్ళు ‘క్యాన్’ అంటారు, దక్షిణాదివాళ్ళు ‘క్యౌన్’ అంటారు. అలాంటి మాట ఊనిక మీద పడిన చోటల్లా అల్లిక ఊడిపోతుంది. వినేవాడికి ఏదో తేడా తెలుస్తుంది, ఏమిటో చెప్పలేడు. పాడేవాళ్ళను పడమటి ప్రాంతం నుంచే పిలవాలి అనడం ప్రాంతాభిమానం కాదు, ఛందస్సు అడిగేది అదే.

భాష సంగతి. 2022 జనాభా లెక్కల్లో ఐరిష్ మాట్లాడగలమని చెప్పినవాళ్ళు 18,73,997 మంది. బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు 71,968. సభలో కూర్చునే జనంలో ఎక్కువమంది మొదటి గుంపు నుంచే వస్తారు. అందుకే ప్రసంగాలు ‘కూప్లా ఫొకల్’తో, అంటే రెండు ఐరిష్ ముక్కలతో మొదలై మూడో వాక్యానికి ఇంగ్లీషులోకి జారిపోతాయి. పాటకు కూడా చరణం చరణానికీ ఇంగ్లీషు అర్థం చెబితే విన్నవాడికి రెండూ దక్కవు. ఎడమ పేజీలో ఐరిష్, కుడి పేజీలో ఇంగ్లీషు అచ్చువేసి గేటు దగ్గరే చేతికిస్తే సరిపోతుంది. పేరు ఒకే వర్ణక్రమంలో వేయడం మరిచిపోకూడదు. ఈయన పేరుకు ఐరిష్‌లోనే మూడు నాలుగు రాతలున్నాయి, ఫలకం మీద ఒకటి, కరపత్రం మీద ఒకటి పడితే చూడ్డానికి బాగుండదు.

ఇక తేదీ. రాఫ్టెరీని రాత్రిపూట పూడ్చారనీ, గాలి వీస్తున్నా కొవ్వొత్తులు ఆరలేదనీ ఊరివాళ్ళు రచయిత్రి లేడీ గ్రెగరీకి చెప్పారు. ఆ సమాధికి 65 ఏళ్ళపాటు రాయి కూడా లేదు. గ్రెగరీ, నాటక రచయిత ఎడ్వర్డ్ మార్టిన్, కవి యేట్స్ కలిసి 1900లో పెట్టించారు. కొవ్వొత్తుల కథ అందమైనదే, కానీ డిసెంబరు 24న అక్కడ సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు గుంకుతుంది, జనమంతా ఇళ్ళకు చేరే తొందరలో ఉంటారు. శ్మశానంలో సభ పెడితే నిర్వాహకులు, ఒక ఫోటోగ్రాఫర్ మిగులుతారు.

ఆ రోజు సమాధి దగ్గర ఒకే పాట, ‘అనఖ్ గూన్’, పాడి ముగించడం మేలు. పెద్ద సభకు రోజు ‘కిల్ ఈడాన్’ లోనే ఉంది: వసంతం వస్తోంది, పగలు సాగుతుంది, సెయింట్ బ్రిజిడ్ పండగ దాటగానే తెరచాప ఎత్తి మేయో నడిబొడ్డున నిలిచేదాకా ఆగను అంటాడు. ఆ పండగ ఫిబ్రవరి 1. 2023 నుంచి దానికి దేశమంతా సెలవు. మామూలుగా నెలలో మొదటి సోమవారం ఇస్తారు, 1వ తేదీ శుక్రవారం పడితే ఆ రోజే. 200వ వర్ధంతి దాటిన 39వ రోజు, 2036 ఫిబ్రవరి 1, శుక్రవారమే వస్తోంది. అప్పటికి పగలు ఏడున్నర గంటల నుంచి దాదాపు తొమ్మిది గంటలకు సాగి ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టినా అయిదింటికి ఇంకా వెలుతురుంటుంది, చేతిలో కాగితం చదువుకోవచ్చు.