‘పెద్దోడివి గదా, ఇచ్చెయ్’ అనే చట్టం

మన ఇండ్లలో పిల్లల తగాదాలు తీర్చడానికి ఉన్న చట్టం ఒకే ఒక్క వాక్యం: ‘పెద్దోడివి గదా, ఇచ్చెయ్.’ ఇంత చిన్నగా ఉండి, ఇన్ని తరాలుగా ఒక్క సవరణ కూడా లేకుండా నడుస్తున్న చట్టం మరొకటి కనిపించదు. వరంగల్ నుంచి ఆదిలాబాద్ దాకా ఏ ఇంట్లోనైనా పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా, చేతిలో గరిటెతోనే, వెనక్కి తిరిగి చూడకుండానే దీని కింద తీర్పు చెప్పొచ్చు. సాక్షులు అక్కర్లేదు, వాయిదాలుండవు. పిల్లల మనసు గురించి నాలుగు పుస్తకాలు చదివినవాళ్లు ఈ మధ్య దీన్ని తప్పుపడుతున్నారు గనక, సమర్థించే బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి.

అసలు పెద్దోడంటే ఎవరు? రెండో బిడ్డ దవాఖాన నుంచి ఇంటికొచ్చిన గంట నుంచీ మొదటి బిడ్డ పెద్దోడు. వాడికి మూడేండ్లే అయినా సరే. ఆ నెలలోనే వాడు మళ్లీ పక్క తడుపుతాడు, పాలసీసా అడుగుతాడు, నడక వచ్చి కూడా ఎత్తుకోమంటాడు. చాలామంది పిల్లలు చేసేదే, మెల్లగా తగ్గేదే. అయినా మన వైద్యం సిద్ధంగా ఉంటుంది: ‘సిగ్గు లేదార, ఇంత పెద్దగైనవ్!’ ఇది చాలదన్నట్టు 21వ రోజు తొట్టెలకు వచ్చిన మేనత్త ‘ఇగ మీ అమ్మ నిన్నేం సూస్తది, నీ పని అయిపాయె’ అని నవ్వి, చిన్నోడి పిడికిట్లో నోటు పెట్టి పోతుంది. సాయంత్రం తొట్టెలలోంచి ఎవరో గిల్లినట్టు ఏడుపు వినిపిస్తే ఆమెను ఎవరూ అనుమానించరు.

దీనికి విరుగుడు ఉన్నదంటారు. రోజుకు పది పదిహేను నిమిషాలు పసిబిడ్డను నాయనమ్మ చేతికిచ్చి, తల్లి పెద్దోడితో మాత్రమే కూర్చోవాలట. ఆ కాసేపు చిన్నోడి ఊసే ఎత్తొద్దట. ‘తమ్ముడు పండుకున్నడు, సప్పుడు చెయ్యకు’ అని పదిసార్లు అనే తల్లి, ఒక్కసారైనా తొట్టెల వైపు తిరిగి ‘ఆగు బిడ్డా, అన్నకు అన్నం పెడుతున్న’ అని పైకి అనాలట. మూడు నెలల పసికందుకు ఆ మాట అర్థం కాదు. మూడేండ్లవాడికి అవుతుంది, అనడం వాడి కోసమే. పైసా ఖర్చు లేని వైద్యం గనక మనవాళ్లు నమ్మరు.

ఇక సాక్ష్యాల సంగతి. మన కోర్టుకు రెండో దెబ్బ మాత్రమే కనిపిస్తుంది. మొదటిది గిల్లుడు, దానికి చప్పుడుండదు. చెల్లె గిల్లుతుంది, నాలుక చాపుతుంది, అన్న గీసుకుంటున్న బొమ్మ మీద మోచెయ్యి ఆనిస్తుంది. అన్న వీపు మీద ఒక్కటేస్తే ఆ చప్పుడు వంటింటిదాకా వస్తుంది. ఎవరి ఏడుపు ముందు వినబడితే వాళ్లే ఫిర్యాది. నాలుగేండ్లు నిండేలోపు చెల్లె ఈ విధివిధానాలన్నీ పట్టేస్తుంది. దెబ్బ తినడానికి అనువైన చోటు వంటింటి గడపేనని కూడా దానికి తెలిసిపోతుంది.

దీన్ని తెలివి అనొచ్చా అంటే, అనాల్సిందే. జూడీ డన్ అనే పరిశోధకురాలు కేంబ్రిడ్జ్‌లో ఇండ్లకే పోయి, ఓ మూల కూర్చుని పిల్లల కొట్లాటలు రాసుకుంది. రెండేండ్లు నిండీ నిండని పిల్లలకే అన్నను దేనితో ఏడిపించాలో, ఏడిస్తే దేనితో ఊరుకోబెట్టాలో తెలుసని ఆమె చూసింది. 1994లో జోసెఫ్ పెర్నర్, ఆయన తోటి పరిశోధకులు మూడు నాలుగేండ్ల పిల్లలకు ఒక పరీక్ష పెట్టారు. మన దగ్గరైతే ఆ పరీక్షకు సకినాల డబ్బా చాలు. అన్న చూస్తుండగా డబ్బాను అటక మీద పెట్టారు. వాడు ట్యూషన్‌కు పోయాక తీసి బియ్యం డ్రమ్ము వెనక దాచారు. తిరిగొచ్చి వాడు ఎక్కడ వెతుకుతాడు? మూడేండ్ల పిల్ల సాధారణంగా డ్రమ్ము వెనకే అంటుంది. తనకు తెలిసింది లోకానికంతా తెలుసనే అనుకుంటుంది. అటక మీద అని చెప్పిందంటే అన్న తలలో ఉన్నది వేరు, నిజం వేరు అని దానికి అర్థమైనట్టు. తోబుట్టువులున్న పిల్లలు ఈ పరీక్షలో మెరుగ్గా నెగ్గారు. అంటే ఎదుటివాళ్ల మనసు చదవడం అనే చదువు ఈ లొల్లిలోనే సాగుతోంది. మన చట్టం గొప్పతనమల్లా ఆ బడిని సగంలో మూసేయడం.

కెనడాలో జూలీ స్మిత్, హిల్డీ రాస్ ఇంకో పద్ధతి చూపించి, 2007లో ప్రచురించారు. అయిదు నుంచి పదేండ్ల పిల్లల తల్లులకు తీర్పు చెప్పకుండా మధ్యవర్తిగా ఉండడం నేర్పారు. ముందు షరతులు: ఒకరు మాట్లాడుతుంటే ఒకరు ఆగాలి, తిట్టొద్దు. తర్వాత అసలు తగువు దేనిమీదో తేల్చాలి. రిమోట్ కోసమే అయ్యుండదు, నిన్న ‘నువ్వు ఆటకు రావద్దు’ అన్న మాట కోసం కావచ్చు. అటుపైన ఎదుటివాళ్లకు ఎట్లా అనిపించిందో ఒకరిది ఒకరు చెప్పాలి. చివరికి పరిష్కారం పిల్లలే చెప్పాలి, తల్లి ఊరికే వినాలి. ఇట్లా చేసిన ఇండ్లలో పిల్లలు రాజీ పడటం, ఎదుటివాళ్ల బాధ అర్థం చేసుకోవడం పెరిగాయి. కాకపోతే పావుగంట పడుతుంది, పప్పు మాడుతుంది. అందరూ కోపంతో ఊగిపోతున్నప్పుడు మొదలుపెడితే అసలు పనిచేయదు. ముందు చల్లబడాలి, తల్లితో సహా. పైగా ఇట్లా పెరిగిన పిల్లలు రేపు రెండు గుంటల గెట్టు పంచాయితీని కూడా మాట్లాడుకుని తెంపుకుంటే, హన్మకొండ అదాలత్ దగ్గర నల్లకోట్ల గతేంగాను?

సర్వపిండి పంపకంలో ఒక పాత ఉపాయం ఉంది: ఒకరు విరవాలి, ఇంకొకరు ముందు తీసుకోవాలి. విరిచేవాడి కంటికి అప్పుడొచ్చే నిశితం కంసాలి త్రాసుకు కూడా రాదు. గంజుకు అంటి ఎర్రగా కరకరలాడే అంచు ఎంత, మెత్తటి నడిమి భాగం ఎంత, వేలితో పొడిచిన బొక్కలెన్ని, అన్నీ లెక్కలోకి వస్తాయి. నాలుగేండ్లలోపు పిల్లలతో ఇది కుదరదు. వాళ్లకు కావాల్సింది ఇప్పుడే, మొత్తం. తల్లి జాలిపడి తనే విరిచిందా, ఉపాయం అక్కడితో సరి.

పోలిక గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ‘అక్కను సూసి నేర్సుకో’ అని వారానికి రెండుసార్లు వింటే, అక్కకు లెక్కలొస్తాయి గనక తమ్ముడు లెక్కలు మానేసి క్రికెట్ పట్టుకుంటాడు. ఓడిపోయే గ్రౌండ్‌లోకి ఎవడు దిగుతాడు? దాన్ని మనం ‘వీనికి దిమాక్ లేదు’ అని నమోదు చేసుకుంటాం. అందరికీ అన్నీ సమానంగా ఇవ్వాలని కూడా లేదు. 11 నుంచి 13 ఏండ్ల పిల్లలను అడిగి అమాండా కోవల్, లారీ క్రేమర్ 1997లో రాసింది చూస్తే, తేడా ఎందుకో అర్థమైతే పిల్లలు దాన్ని అన్యాయం అనుకోరు. అక్కకు కొత్త సైకిల్ ఎందుకంటే బడి నాలుగు కిలోమీటర్లు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి మనకు నోరు రాదు.

అదే నోరు ఇంకోచోట పూర్తిగా పడిపోతుంది. అక్క పెద్దమనిషి అవుతుంది. నిన్నటిదాకా ఒకే దుప్పట్లో తన్నుకున్న తమ్ముడికి ‘అక్కను ముట్టుకోకు, దూరం జరుగు’ అని హుకుం వస్తుంది. ఎందుకని అడిగితే వీపు మోగుతుంది. చీరల ఫంక్షన్, పందిరి, ఫొటోలు, భోజనాలు అన్నీ ఉంటాయి. తొమ్మిదేండ్ల పిల్లగాడికి రెండు వాక్యాల సమాచారం మాత్రం ఉండదు. ‘ఆడపిల్లల శరీరం పెరిగేటప్పుడు ఇట్లా అయితది, ఇది జబ్బు కాదు. అక్కకు కడుపు నొస్తే చిరాకు పడతది, నీ మీద కోపం కాదు.’ ఇంతే. ఇది చెప్పకపోతే మూసిన తలుపు తన కోసమే మూశారనుకుని వాడు దాన్ని తంతాడు, అక్క ఫోన్ తెరిచి మెసేజ్‌లు చదివి బాపుకు చాడీ చెబుతాడు. ఆ చాడీకి ఇంట్లో బహుమతి దొరికిన రోజు నుంచి అక్క వాడికి ఏ ముచ్చటా చెప్పదు.

ఎప్పుడూ ఒక్కరే కొట్టి, ఎప్పుడూ ఒక్కరే భయపడుతుంటే, ఆ ఒక్కరు ఇంట్లో ఒంటరిగా ఉండాలంటేనే వణుకుతుంటే అది కొట్లాట కిందికి రాదు. ‘అన్నదమ్ములన్నంక మామూలే’ అనే ముద్ర దాని మీద వేయొద్దు. అక్కడ మధ్యవర్తిత్వం పనికిరాదు, ముందు ఇద్దరినీ విడదీయాలి. సాయం కావాలంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు.

మిగిలింది మే నెల వ్యాజ్యం: కూలర్ ముందు ఎవరు పండుకోవాలి? సరి తేదీలు అన్నకు, బేసి తేదీలు చెల్లెకు అనే ఒప్పందం చాలా ఇండ్లలో నడుస్తోంది. మే 31 బేసి, జూన్ 1 కూడా బేసి. ఈ లొసుగును చెల్లె ఏప్రిల్‌లోనే పసిగట్టి నోరు విప్పదు. వారాల పేర్లతో పంచితే ఒకరికి నాలుగు, ఒకరికి మూడు వస్తాయి. క్యాలెండర్ మీద ఒక్కో గడిలో ఒక్కో పేరు పిల్లలతోనే రాయించడం మేలు. కరెంటు పోయిన రాత్రి లెక్కలోకి వస్తుందో రాదో కూడా అందులోనే రాయించాలి, లేకుంటే రుతుపవనాలు వచ్చేదాకా అప్పీళ్లే. క్యాలెండర్ లేని ఇంట్లో మాత్రం మే 31 రాత్రి న్యాయమూర్తులు చాప తీసుకుని డాబా ఎక్కాలి. ఎంత లొల్లి వినబడినా అరగంటదాకా దిగొద్దు. ‘రేపటిది నీకిస్త, ఆదివారం రిమోట్ నాది’ అని కింద బేరం తెగేసరికి, కూలర్‌లో నీళ్లెవరు పోయాలన్న కేసు కొత్తగా దాఖలవుతుంది.