సవరణ: ఈస్ట్రోజన్ వాడేవారికి థైరాయిడ్ మాత్ర డోసు

మెనోపాజ్ హార్మోన్ చికిత్స గురించిన పోస్టులో, ఈస్ట్రోజన్ ఏ రూపంలో వాడినా థైరాయిడ్ మాత్ర డోసు పెంచాల్సి వస్తుందని రాశాను. అది తప్పు. ఆ మాట నోటితో మింగే ఈస్ట్రోజన్‌కే వర్తిస్తుంది. లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ మాత్రలో ఉండే మందు) సమాచార పత్రంలో ఉన్న హెచ్చరిక కూడా దాని గురించే.

మింగిన మందు పేగుల నుంచి నేరుగా లివర్‌కి చేరుతుంది. అక్కడ థైరాక్సిన్ (టీ4) అనే థైరాయిడ్ హార్మోన్‌ని పట్టి ఉంచే టీబీజీ అనే ప్రొటీన్ ఎక్కువగా తయారై, రక్తంలో విడిగా తిరిగే ఫ్రీ టీ4 తగ్గుతుంది. థైరాయిడ్ బాగున్నవారిలో గ్రంథే సర్దుకుంటుంది. థైరాయిడ్ మాత్ర మీదే ఆధారపడ్డవారికి ఆ వెసులుబాటు ఉండదు, టీఎస్‌హెచ్ (హార్మోన్ చాలనప్పుడు పెరిగే, థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్) పెరుగుతుంది. ప్యాచ్, జెల్ చర్మం గుండా రక్తంలోకి వెళ్తాయి కాబట్టి సాధారణంగా డోసు మార్చక్కర్లేదు. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు మాత్రం మింగేవాటి కిందికే వస్తాయి.

ఈస్ట్రోజన్ మాత్ర మొదలుపెట్టాక 6–12 వారాలకి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 చేయించండి. టోటల్ టీ4 (ప్రొటీన్‌కి అంటుకున్నదీ విడిగా ఉన్నదీ కలిపి) చూసి డోసు ఎక్కువైందనుకోవద్దు, ప్రొటీన్ పెరిగితే అదీ పెరుగుతుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఈ వయసులో కాల్షియం కూడా వాడుతుంటారు కదా, దానికీ థైరాయిడ్ మాత్రకీ 4 గంటల ఎడం లేకపోయినా టీఎస్‌హెచ్ పెరుగుతుంది. నింద ఈస్ట్రోజన్ మీద పడుతుంది.

ఈస్ట్రోజన్ మాత్ర ఆపినా, ప్యాచ్‌కి మారినా మళ్లీ పరీక్ష చేయించాలి. పెంచిన డోసు అలాగే కొనసాగితే గుండెదడ రావచ్చు, ఎముకలు పలచబడవచ్చు.