అర్ధరాత్రి పిరమిడ్లు

ప్రాచీన చరిత్రను చేతిపనులతో నేర్పే పద్ధతి మీద కొందరు అనవసరంగా నోరు పారేసుకుంటున్నారు. పిల్లల ప్రాజెక్టులు పెద్దలే చేసిపెడుతున్నారట! చరిత్ర తెలియనివాళ్ల మాటలివి. ఈజిప్టులో గిజాలోని మహా పిరమిడ్‌లో సుమారు 23 లక్షల రాళ్లున్నాయి. దాన్ని కట్టించిన ఫరో, అంటే ఈజిప్టు రాజు, ఖుఫూ ఒక్కటైనా మోశాడా? పేరెవరిది? ఇప్పుడూ అంతే. తల్లి షుగర్ క్యూబులు పేరుస్తుంది, తండ్రి గ్లూ గన్‌తో వేళ్లు కాల్చుకుంటాడు, ఫరోగారు నిద్రపోతారు. పొద్దున అట్ట మీద ఫరోగారి పేరే, రోల్ నంబరుతో సహా. సొమ్మొకడిది, సోకొకడిది. పాత సమాజాన్ని ఇంత స్పష్టంగా ఏ పుస్తకం చెబుతుంది?

మమ్మీ పాఠం మరీ పరిశుభ్రం. బొమ్మకు టాయిలెట్ పేపర్ చుట్టేస్తే అయిపోయింది. పాపం, ఈజిప్టువాళ్లకు 70 రోజులు పట్టేది. మెదడును ముక్కులోంచి లాగాలి, ఒంటిని నేట్రాన్ ఉప్పులో ఎండబెట్టాలి, గుండెను మాత్రం ఉన్నచోటే ఉంచాలి. పిల్లలు నిజంగా తెలుసుకోవాలనుకునేది ఆ ముక్కు సంగతే. మార్కులు మాత్రం కాగితం నీటుగా చుట్టినందుకు.

అసలు ప్రమాదం ముద్రల దగ్గరుంది. మొహెంజొదారో ముద్రలు మెత్తటి స్టియటైట్ రాతిలో చెక్కినవి, చాలావరకు అంగుళం అటూ ఇటూ. బొమ్మను కుడి ఎడమలు తిప్పి లోపలికి చెక్కితేనే మట్టి మీద నొక్కినప్పుడు సరిగ్గా తేలుతుంది. ఒక పిల్లవాడు పెద్దల కళ్లుగప్పి, సబ్బు ముక్క మీద తన పేరు తనే చెక్కాడనుకుందాం. నొక్కి చూస్తే అక్షరాలు తిరగబడ్డాయి. బిక్కమొహం వేస్తాడు. అద్దం తెచ్చుకుంటాడు. ఇంకో సబ్బు పాడుచేస్తాడు. ఈసారి అచ్చు సరిగ్గా పడుతుంది. 4,000 ఏళ్ల పైబడిన తలనొప్పి ఒకటి వాడికీ అంటుకుంటుంది. దీన్ని ఏ తూకంతో తూస్తాం? పైగా ముద్ర మీద అక్షరాలు తిరగేసి ఉన్నాయి కనుక తప్పులకింద మార్కులు కోయక తప్పదు. పక్కమ్మాయి ఆ ముద్రల మీద కనిపించే ఒంటికొమ్ము జంతువును రంగుల్లో ప్రింటు తీయించి అట్టకు అంటించింది. మొదటి బహుమతి.

మట్టిపలక మీద పేరు రాసి తెమ్మంటారు. ప్రాచీన మెసొపొటేమియా నగరం ఉరుక్‌లో దొరికిన తొలి పలకల్లో ఎక్కువభాగం ధాన్యం, గొర్రెల లెక్కలే. సుమారు క్రీ.పూ. 1750లో నన్ని అనే ఆసామి, నాసిరకం రాగి అంటగట్టబోయారని ఊర్ నగరపు వర్తకుడు ఎయా-నాసిర్‌ను మట్టిపలక మీదే ఉతికి ఆరేశాడు. ఆ పలక బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మన పిల్లలనూ ఒక ఫిర్యాదు రాయమనొచ్చు. ఎవరి మీద రాస్తారో టీచర్లకు తెలుసు కనుక పేరుతోనే సరిపెడుతున్నారు.

పెద్దలకూ ఒక పాఠం మిగిలిపోయింది. ఈజిప్టు రాజు మూడో రామెసెస్ ఏలుబడి 29వ ఏట, రాజసమాధులు కట్టే దేర్ ఎల్ మెదీనా ఊరి పనివాళ్లు ధాన్యం బత్తెం అందలేదని పని మానేసి ఆలయాల దగ్గర బైఠాయించారు. చరిత్రకెక్కిన తొలి సమ్మెల్లో ఇదొకటి. దీన్ని థర్మాకోల్‌తో చేసి తెమ్మని ఏ బడీ అడగదు. అడిగితే మాత్రం, సమ్మెకు కూర్చున్న కూలీల బొమ్మలు తెల్లారేసరికి రంగులారి సిద్ధంగా ఉంటాయి.