తుపానుకు ముందస్తు ఏర్పాట్లు దండగేనా?

బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో వినపడితే చాలు, వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. అందులో నాలుగు మాటలుంటాయి. వాతావరణ శాఖ చెప్పింది ఎప్పుడూ జరగదు, ఊరికే ఊళ్లు ఖాళీ చేయిస్తారు. ఇప్పుడు అందరి దగ్గరా ఫోన్లున్నాయి, కంగారెందుకు? ఏమన్నా అయితే ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) వస్తుంది. ప్లాన్లూ గీన్లూ పెద్ద కంపెనీల వేషాలు, చిన్న ఆఫీసులకూ కొట్లకూ అక్కర్లేదు. ఈసారి దీన్ని మా ఆఫీసు పెద్దాయన ఒకరు ఫార్వర్డ్ చేశారు. విశాఖలో ఉంటూ, హుద్‌హుద్ తుపాను చూసిన మనిషి! ఇక ఊరుకోలేకపోయాను.

"ఖాళీ చేయించారు, చివరికి ఏమీ కాలేదు" అన్న మాట సగం నిజమే, అలా జరుగుతుంది. తుపాను సరిగ్గా ఎక్కడ తీరం దాటుతుందో బాగా తేలేది చివరి గంటల్లో. కానీ లంక గ్రామాల నుంచి ముసలివాళ్లనీ చంటిపిల్లలనీ పశువులనీ తరలించాలంటే ఒక పగలంతా పడుతుంది. తేలేదాకా ఆగితే అప్పటికి రోడ్డు ఉండదు. అందుకే కొన్నిసార్లు అనవసరంగా రెండు రాత్రులు బడి గదిలో పొట్లం అన్నం తిని పడుకోవాల్సి వస్తుంది. కదలకపోతే ఏమవుతుందో 1977 నవంబరు 19న దివిసీమ చూసింది. ఉప్పెన ఊళ్లకు ఊళ్లనే ఊడ్చేసింది, అధికారిక లెక్కల్లోనే పది వేల దాకా ప్రాణాలు పోయాయి. 1990 మేలో దాదాపు అంతే బలమైన తుపాను మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి లక్షన్నర మందికి పైగా ముందే తరలించారు. చనిపోయినవారు 967 మంది. అదీ తక్కువేం కాదు, కానీ తేడా కనపడుతూనే ఉంది. ఒడిశాలోనూ అంతే: 1999 సూపర్ సైక్లోన్‌లో పోయినవాళ్లు పది వేల దాకా, 2013 ఫైలిన్‌లో యాభై లోపే. ఫైలిన్‌కి అక్కడ పది లక్షల మంది దాకా తరలించారు.

ఇక ఫోన్ల సంగతి. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ వచ్చిన రోజు. గంటకు 180 కిలోమీటర్ల గాలి విశాఖ మీద పడింది. కరెంటు పోయింది, వెనకాలే సెల్ టవర్లూ మూగబోయాయి. అప్పుడు నేను పనిచేసే చిన్న ఆఫీసులో జనరేటర్ భేషుగ్గా ఉంది, డీజిల్ లేదు. బంకులో డీజిల్ ఉంది, దాన్ని పైకి తోడే పంపుకి కరెంటు లేదు. తాళాలు ఎవరింట్లో ఉన్నాయో అడుగుదామంటే, అందరి నంబర్లూ చార్జింగ్ అయిపోయిన ఫోన్లలోనే ఉన్నాయి. ఒక్కరి నంబరూ ఎవరికీ నోటికి రాదు! మూడు రోజులు మనుషులు మనుషులను వెతుక్కుంటూ బైకుల మీద తిరిగారు, పెట్రోలు ఉన్నవాళ్లు.

ఇక్కడే ఇంకో ముక్క చెప్పాలి. రేవుల్లో ఎగరేసే హెచ్చరికల్లో పదో నంబరు అతి తీవ్ర ప్రమాదానికి. పదకొండోది దాని కంటే పెద్ద తుపాను అని చాలామంది అనుకుంటారు. కాదు. తుపాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ప్రమాదం ఉందని ఇక్కడి అధికారే నిర్ణయించుకున్నాడు అని దాని అర్థం. అంటే సమాచారం ఆగిపోతుందని ముందే ఊహించి, దానికీ ఒక నంబరు కేటాయించి పెట్టుకున్నారు. స్మార్ట్‌ఫోన్ పట్టుకున్న మనం మాత్రం సిగ్నల్ పోదనే నమ్ముతున్నాం.

ఎన్డీఆర్ఎఫ్ వస్తుంది, నిజమే. వాళ్ల పదో బెటాలియన్ ఉన్నది విజయవాడకు దగ్గర్లో, కొండపావులూరులో. అయినా 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగితే విజయవాడ సింగ్‌నగర్‌లో ఎంతోమంది పై అంతస్తుల్లో పడవ కోసం రోజుల తరబడి చూశారు. అది వాళ్ల తప్పు కాదు, పడవలు ఎన్నని ఉంటాయి? అప్పటిదాకా పక్కింటివాళ్లే దిక్కు. మంచం మీద ఉన్న పెద్దవాళ్లు ఏ ఫ్లాట్లో ఉన్నారో వాచ్‌మన్‌కైనా తెలియాలి.

"చిన్న ఆఫీసులకు ప్లాన్ ఎందుకు, డేటా క్లౌడ్‌లో ఉందిగా" అంటారు. డేటా భద్రంగానే ఉంటుంది. తెరవాలంటే ఓటీపీ కావాలి, అది సిగ్నల్ లేని సిమ్ముకి వస్తుంది. పెద్ద సంస్థల ప్లాన్లు బీరువాలో మగ్గుతాయనీ, మాక్‌డ్రిల్ ఫొటోల కోసం చేస్తారనీ ఎవరన్నా అంటే నేనూ ఒప్పుకుంటాను. మనకు అంత పుస్తకం అక్కర్లేదు. ఒక్క కాగితం చాలు: ఎవరి నంబరు, ఎవరి ఇల్లు ఎక్కడ, తాళాలు, డీజిల్ డబ్బా, ఓటీపీ రాకపోతే వేరే దారి, యజమాని దొరక్కపోతే సంతకం ఎవరిది.

ఆ కాగితం రాసే పని మెసేజ్ పంపిన పెద్దాయనకే అప్పగించాం. రాశారు, బాగానే రాశారు. వాట్సాప్‌లో పంపారు. ప్రింటు తీసి గోడకి అంటించమన్నాను.