డిగ్రీ ఉంటే ‘తెలియదు’ అనడం ఇంకా కష్టం
చదువు పెరిగేకొద్దీ ‘నాకు తెలియదు’ అనడం తేలికవుతుందని ఒక వ్యాసంలో చదివాను. నా విషయంలో సరిగ్గా తిరగబడింది. అగ్రికల్చర్ బీఎస్సీ చేసి అమలాపురం దగ్గర మా ఊరికి వచ్చిన మొదటి ఏడు, సార్వా (వానాకాలం) వరి అక్కడక్కడా పసుపు పచ్చగా తిరిగింది. గట్టు మీద నుంచే చూసి నత్రజని లోపం అనేశాను. మా కౌలు రైతు గొణుగుతున్నా వినకుండా యూరియా చల్లించాను. వారం తిరక్కుండా ఆ మచ్చలు సుడులు సుడులుగా ఎండిపోయాయి. అప్పుడాయన చేలోకి దిగి, దుబ్బు విడదీసి, ‘ఇదిగో చూడండి బాబూ, ఆయ్’ అన్నాడు. నీటికి కాస్త పైన, మొదలు చుట్టూ గోధుమరంగు దోమ గుంపులు. సుడిదోమ! యూరియా ఎక్కువైతే అది రెచ్చిపోతుందని పరీక్షలో రాసినవాణ్ణే నేను. నీళ్లు తీసేయించి చేను ఆరగట్టింది ఆయనే. ధవళేశ్వరం ఆనకట్ట (1847-52) కట్టిన కాటన్ దొర సైతం, లోతు తెలియని ఇసుకలో పునాది వేయడం ఈ దేశపు పాత కట్టడాలు కట్టినవాళ్ల దగ్గరే నేర్చుకున్నామని రాసుకున్నాడు. అంత పెద్దమనసు నాకు ఎక్కణ్ణుంచి వస్తుంది, మా కౌలు రైతుకు సారీ చెప్పడానికే దాళ్వా (రెండో పంట) దాకా పట్టింది. ఆ యూరియా డబ్బు ఊసు మాత్రం ఆయన ఇప్పటికీ ఎత్తడు.